థర్మాకోల్ మంచు

ఖతర్‌లో మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టిన మనిషిని నేను. ఈ మాట నలుగురిలో ఎత్తగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నా మాటల్లో సగం గాలి అని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. మిగతా సగం కూడా గాలేనని ఆవిడ అభిప్రాయం. కానీ ఈ మంచు మాత్రం నిజం. థర్మాకోల్‌ది, అంతే తేడా.

చమురు ధర పైపైకి పోతున్న రోజులవి. దోహాలో పొద్దున్నే కిటికీ తీస్తే నిన్న లేని క్రేను ఇవాళ కనిపించేది. గ్యాసు ప్లాంట్లు కట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను పైపుల డ్రాయింగులు గీసేవాణ్ణి. ఉమ్ ఘువైలినాలో రెండు గదుల ఫ్లాటు. మా ఆవిడ, నేను, ఐదో తరగతి చదివే కూతురు. ఆఫీసులో నా పక్క టేబులు ఒక కెనడా ఆయనది. కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోతూ, గల్ఫ్ నుంచి వెళ్ళేవాళ్ళంతా చేసే పనే ఆయనా చేశాడు. విమానంలో పట్టనివన్నీ పంచిపెట్టాడు. మైక్రోవేవ్ ఒకరికి పోయింది, సైకిలు ఒకరికి పోయింది. ఎవరికీ అక్కర్లేని ఫ్లాషర్ నాకు మిగిలింది.

అది గోడగడియారమంత గుండ్రటి ముఖం. ముళ్ళుండవు, రంగుదీపాల గీతలుంటాయి. ఆయన ఊళ్ళో చలికాలం చెరువు గడ్డకడితే, పైన మంచుకు కన్నం పెట్టి, తీగ చివర ఉన్న గుండును నీళ్ళలోకి వదులుతారట. గుండు కిందికి శబ్దం పంపుతుంది. తగిలి తిరిగొచ్చినదాన్ని డయల్ మీద దీపాలుగా చూపిస్తుంది. అడుగున నేల ఉన్నచోట లావుపాటి ఎర్రపట్టీ. మన ఎర ఉన్నచోట సన్నటి ఆకుపచ్చ గీత. ఆ రెంటికీ మధ్య ఇంకో గీత పుట్టి, ఆకుపచ్చ నుంచి నారింజకు, నారింజ నుంచి ఎరుపుకు తిరుగుతూ ఎర దగ్గరికి జరుగుతోందంటే, చేప వస్తున్నట్టు.

"మంచెక్కడుంది నాన్నా మనకి?" అని అడిగింది మా అమ్మాయి.

మంచు లేదని చెప్పడానికి నోరు రాలేదు. చేపల మార్కెట్‌లో పారేసిన థర్మాకోల్ పెట్టె మూత ఒకటి తెచ్చి, మధ్యలో గుండ్రంగా కన్నం కోశాను. శుక్రవారం పొద్దున్నే దోహా పక్కనున్న వక్రా జెట్టీ మెట్ల పక్కన నీళ్ళమీద దాన్ని తాడుకట్టి తేలేశాం. ఆ కన్నంలోంచి ఫ్లాషర్ గుండూ, గాలమూ కిందికి వదిలాం. నెత్తిమీద ఎండ మాడుస్తోంది. నా కూతురు మాత్రం స్వెట్టర్ వేసుకుని కూర్చుంది. ఊటీ వెళ్ళినప్పుడు కొన్న స్వెట్టరు.

మమ్మల్ని జెట్టీకి తీసుకెళ్ళేది మా కంపెనీ పికప్ డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి. బిర్కత్ అల్ అవామిర్‌లో లేబర్ క్యాంపులో ఉండేవాడు. చేప పడితే క్యాంపులో కూరవుతుందని ఆశ. ఆ థర్మాకోల్ మూతను చూసి అతను మొదటిరోజే నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయాడు.

"గిదేంది సార్, సముద్రానికి టోపీ వెట్టిన్రు?"

"టోపీ కాదు, మంచు."

"మా ఇంటికి ఫోన్ జేసి చెప్త సార్. దుబాయ్‌ల మంచు పడ్డదంటె మా అమ్మ కంబళి పంపుతది." గల్ఫ్‌లో ఏ దేశమైనా అతని ఊరివాళ్ళకు దుబాయే.

ఇక నా కథలకు అడ్డేముంది? కెనడాలో చేపలకు చలెక్కువ కాబట్టి కన్నం దగ్గర వెచ్చగా ఉంటుందని అవన్నీ అక్కడికే వస్తాయనీ, తోపులాట లేకుండా టోకెన్లు తీసుకుని వరసలో నిలబడతాయనీ చెప్పాను. ముసలి చేపలకు వేరే వరస. దోహా సముద్రం అడుగున కూడా పాతకాలపు మంచు ఉందనీ, ఊళ్ళో ఏసీలన్నీ చల్లదనం లాక్కునేది అక్కడినుంచేననీ, అందుకే ఎండాకాలం ఈ నీళ్ళు చారులా కాగిపోతాయనీ చెప్పాను. ఈ చివరిది మా అమ్మాయి వెళ్ళి సైన్స్ క్లాసులో చెప్పింది. టీచరు మా ఆవిడకు ఫోన్ చేసింది. ఆ పూట నాకు కూరలో ఉప్పు లేదు.

రెండో ఫ్లాషర్ గొడవ మొదలైంది కూడా నా నోటివల్లే. ఒక శుక్రవారం మా పక్కన ఎవరిదో పడవ ఆగింది. అందులోనూ అలాంటి యంత్రమే ఉన్నట్టుంది. ఉన్నట్టుండి మా డయల్ నిండా ఎర్రచుక్కలు అటూ ఇటూ పరుగెత్తాయి. అమ్మాయి భయపడి నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ యంత్రం పంపే శబ్దం మన గుండుకు తగులుతోందని ఉన్నమాట చెప్పాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను?

"రెండు ఫ్లాషర్లు ఒకే నీళ్ళలో ఉంటే ఒకదాని గుండెచప్పుడు ఇంకోదానికి తెలిసిపోతుంది, అమ్మలూ. ఎంత దూరమైనా సరే. సముద్రమంతా ఒకటే నీళ్ళు కదా."

"మన కాకినాడలో వేస్తే?"

"కాకినాడలో వేసినా ఇక్కడ చుక్క పడుతుంది."

ఆమె కాసేపు డయల్ వంకే చూసింది. "అయితే నాకూ ఒకటి కొను," అంది.

ఇది జరిగేటప్పటికి ఇంట్లో ఒక మాట నిర్ణయమైపోయి ఉంది. మా అమ్మాయికి మాత్రం తెలియదు. ఆరో తరగతికి ఆమెను హైదరాబాద్‌లో హాస్టల్లో వేస్తున్నాం.

అక్కడి తెలుగు కుటుంబాల్లో అది జ్వరంలాంటిది. శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్ళం. బిర్యానీ తిని చేతులు కడుక్కోగానే మొదలయ్యేది. మీవాడు ఎక్కడ? ఐఐటీ ఫౌండేషన్‌లో వేశారా? ఇక్కడే చదివిస్తే రేపు ఎంట్రెన్సులకు అక్కడ నాన్‌లోకల్ అంటారండీ. మీరిప్పుడు ప్రేమ చూపిస్తే పిల్ల మిమ్మల్నే తిట్టుకుంటుంది. ఒక్కో ఏడాదీ ఒక్కో ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో కనిపించకుండా పోయేవాళ్ళు. వాళ్ళ తల్లులు ఆ సాయంత్రాల్లో వడ్డన పనులు ఎక్కువ పెట్టుకునేవాళ్ళు. మేమూ సరేనన్నాం. సీటు ఖాయమైపోయింది. టిక్కెట్లు తీసేశాం. పిల్లకు చెప్పే పని మా ఆవిడ నామీద పెట్టింది.

"నేను చెప్తే ఏడుపొస్తుంది. మీరైతే ఏదో కథలా చెప్తారు," అంది.

"చెప్తాను."

వారం పోయింది. "ఏవండీ, చెప్పారా?"

"మంచి సమయం చూసుకుని చెప్తాను."

"ఊరందరికీ లేనివన్నీ చెప్తారు. ఉన్న ఒక్కమాట చెప్పడానికి మీకు ముహూర్తం కావాలా? ఈ శుక్రవారం దాటితే నేనే చెప్పేస్తా. నాకు మాత్రం ఇష్టమనుకుంటున్నారా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అలా ఒక గురువారం సాయంత్రం నేను, నా కూతురు, మా పాత ఫ్లాషరూ కలిసి నజ్మా బజారుకు బయల్దేరాం. రెండోది ఎంచుకోవడానికి. కొనిపెట్టి ఆ సంతోషంలో ఉండగా మాట చల్లగా చెప్పెయ్యాలని నా ఎత్తు.

నజ్మాలో మనీ ఎక్స్ఛేంజికీ, దోసెల హోటలుకూ మధ్య ఒక సందులో గాలాలూ వలలూ అమ్మే కొట్టుంది. కొట్టతను మలయాళీ. దేశం విడిచి వెళ్ళేవాళ్ళ సామాన్లు కూడా కొనేవాడు. అందుకే అతని దగ్గర ఎడారికి సంబంధం లేనివన్నీ దొరికేవి. ఒకసారి మంచు మీద నడిచే బూట్లు చూశాను. కొట్టు వెనక వాకిట్లో ఒక నీలం నీళ్ళ డ్రమ్ము ఉంటుంది. యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో అందులో వేసి చూపిస్తాడు.

మొదట అతను తీసింది తెర ఉన్నది. "ఏక్‌దమ్ న్యూ సార్. లైట్ చూసి లెక్కలు వేసే పని లేదు. చేప వస్తే చేప బొమ్మే వస్తుంది. పెద్దదైతే పెద్ద బొమ్మ. బేబీకి ఈజీ," అన్నాడు తన మలయాళం హిందీలో.

తెరమీద నిజంగానే చిన్న చేప బొమ్మ ఈదుతూ పోయింది. డ్రమ్ములో చేప లేదు. అయినా పోయింది.

ఈ యంత్రం నాకంటే పెద్ద కోతలరాయుడనుకున్నాను.

"వద్దు నాన్నా," అంది మా అమ్మాయి.

"ఏం? బాగుందిగా?"

"ఇది చేప అని ముందే చెప్పేస్తోంది. ఇంక నువ్వు చెప్పడానికేముంటుంది?"

ఆ క్షణంలో చెప్పెయ్యాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దానికి బదులు తెరలున్న యంత్రాలు ఎండాకాలం చేపను ఒంటె అని చూపిస్తాయని చెప్పాను. కొట్టతను కూడా నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు, పెదవులు కొద్దిగా కదిలాయంతే.

రెండోది గుండ్రటి ముఖమే. కొత్తది, ఇంకా అట్టపెట్టెలో ఉంది. దీపాలు తళతళమంటున్నాయి. అతను మా పాతదాని గుండునూ, దీని గుండునూ డ్రమ్ములోకి వదిలాడు. రెండు డయళ్ళ మీదా ఎర్రచుక్కలు గడగడలాడిపోయాయి. "ఇప్పుడు చూడండి సార్," అంటూ కొత్తదాని పక్కనున్న మీట తిప్పాడు. ఒక మెట్టు, ఇంకో మెట్టు. దానిమీద చుక్కలు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కటీ లేకుండా పోయాయి. గీతలు దువ్వినట్టు నిలబడ్డాయి.

"పక్కవాడిది ఎంత ఉన్నా దీంట్లో మాఫీ, ఏమీ రాదు. క్లీన్," అన్నాడు గర్వంగా.

మా అమ్మాయి మీట పట్టుకుని వెనక్కి తిప్పింది. చుక్కలు వచ్చాయి. ముందుకు తిప్పింది. పోయాయి. ఇంకోసారి వెనక్కి తిప్పి, వచ్చిన చుక్కల్ని చూస్తూ నిలబడింది.

"ఇది మా నాన్నది తుడిచేస్తోంది. ఈ మీట లేనిది లేదా అంకుల్?"

"మీట ఉంటేనే మంచిది బేబీ."

"లేనిది కావాలి."

అతను నావైపు చూశాడు. నేను డ్రమ్ములోకి చూశాను. నిలవనీళ్ళ వాసన, మీద సన్నటి ధూళిపొర. పైన ఎవరిదో ఏసీ నుంచి చుక్క చుక్కగా నీళ్ళు అందులో పడుతున్నాయి.

కొట్టతను లోపలికి వెళ్ళి, వలల కుప్ప జరిపి, దుమ్ముపట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. మాలాంటిదే. ఇంకో కెనడా ఆయనో, అమెరికా ఆయనో వదిలిపోయింది. ఒక మూల గీతలు పడ్డాయి, పిడి విరిగితే తాడు కట్టారు. డ్రమ్ములో వేస్తే బాగానే వెలిగింది. మా డయల్ మీద దాని చుక్కలు, దాని డయల్ మీద మావి. దాచిపెట్టే మీటేదీ లేదు. అమ్మాయి దాన్ని రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకుని, కొట్టతన్ని అడిగింది.

"అంకుల్, ఇది మంచినీళ్ళలో కూడా పనిచేస్తుందా?"

"మంచినీళ్ళంటే?"

"ఉప్పులేనివి. నదిలో. లేకపోతే వాటర్ ట్యాంకులో."

"అసలు ఇది మంచినీళ్ళకే చేసింది బేబీ. చెరువుకి. మీ ఫాదరే ఉప్పునీళ్ళలో వేసి పాడుచేస్తున్నాడు."

"అయితే ఇదే," అంది.

దోహాలో నదుల్లేవు. మా బిల్డింగు మీది ట్యాంకు దగ్గరికి పిల్లల్ని పోనివ్వరు. నాకు అర్థమైంది. ఎలా తెలిసిందన్నదే అర్థం కాలేదు. బేరం కూడా ఆడకుండా తీసుకుని బయటికి వచ్చేశాను. బేరమాడని తెలుగువాణ్ణి చూసి కొట్టతను వాకిలిదాకా వచ్చి సాగనంపాడు.

దోసెల హోటల్లో కూర్చున్నాం. దోసె ముక్కను చట్నీలో అటూ ఇటూ తిప్పుతూ మా అమ్మాయే అంది: "మూసీ నది కృష్ణలో కలుస్తుందిగా నాన్నా? కృష్ణ సముద్రంలో కలుస్తుంది. అట్లాస్‌లో చూశాను."

"కలుస్తుంది."

"హాస్టల్లో నీళ్ళు పారబోస్తే మూసీలోకి పోతాయా?"

నేను నీళ్ళగ్లాసు ఎత్తి, తాగకుండానే దించాను. "ఎవరు చెప్పారు నీకు?"

"డ్రైవరంకుల్. అమ్మ పెద్ద అట్టపెట్టెలు తెమ్మందట. నన్ను చూసి, 'ఇగ హైదరాబాద్ పోతున్నవట గద బిడ్డా, మంచిగ చదువుకో' అన్నాడు. తర్వాత నాకు తెలీదని తెలిసి పాపం ఏడుపుమొహం పెట్టాడు. ఏమనకు నాన్నా."

"ఎప్పుడు?"

"చాలా రోజులైంది."

అన్నాళ్ళూ ఆమె ఎదురుచూసింది. నేను చెప్తానని. నేను టోకెన్ల చేపల గురించీ, ఒంటెల గురించీ చెబుతూ వచ్చాను. ఆమె వింటూ వచ్చింది.

ఇంటికి వెళ్ళగానే మా ఆవిడ కళ్ళతోనే అడిగింది. పిల్లకు తెలుసు అన్నట్టు తలూపాను. ఎవరు చెప్పారో ఆవిడ అడగలేదు. స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని చాలాసేపు ఉండిపోయింది.

మర్నాడు శుక్రవారం. రెండు ఫ్లాషర్లతో వక్రా జెట్టీకి వెళ్ళాం. డ్రైవరు జెట్టీ దగ్గర దించి, తలగోక్కుంటూ నిలబడ్డాడు.

"సార్, నా నోటికి తాళం లేదు. కొడితె కొట్టున్రి."

"నా పని నువ్వు చేశావు. కొట్టేదేముంది."

"మా బిడ్డకు నేనొచ్చేటప్పుడు ఎవ్వలు చెప్పలె సార్. లేచేసరికి నేను బస్సెక్కిన. ఇప్పటికి ఫోన్ల గదే అడుగుతది, గప్పుడు నన్నెందుకు లేపలే అని." ఆ మాట అనేసి, ఎర ముక్కలు కోస్తానంటూ అటు తిరిగి కూర్చున్నాడు.

థర్మాకోల్ మూతకు ఇంకో కన్నం కోశాను. ఎండలకు అది అంచుల్లో పొడిపొడిగా రాలిపోతోంది. తెల్లటి పూసలు నీళ్ళమీద కొట్టుకుపోతున్నాయి. ఒక కన్నంలో నాది, ఒక కన్నంలో ఆమెది. ఆ రోజు ఆమె స్వెట్టర్ తేలేదు. రాత్రి మా ఆవిడ సూట్‌కేసులో సర్దేసిందట. హైదరాబాద్‌లో పొద్దున్నే చలిగా ఉంటుందని.

రెంటికీ స్విచ్ వెయ్యగానే నా డయల్ అంతా ఎర్రచుక్కలు. ఎర కనపడదు, చేప కనపడదు, నేల కూడా సరిగ్గా కనపడదు. అలా వేస్తే చేపలు పట్టలేం. పట్టలేదు కూడా. ఇద్దరం ఎవరి డయల్‌లోకి వాళ్ళం చూస్తూ కూర్చున్నాం. ఆమె తనది ఆపేది, నా డయల్ శుభ్రమైపోయేది. మళ్ళీ వేసేది, చుక్కలు నిండిపోయేవి.

"నాన్నా, హాస్టల్ గురించి చెప్పు."

"ఏం చెప్పమంటావు?"

"ఏదో ఒకటి. అబద్ధమైనా పర్లేదు. అక్కడ ఏముంటుంది?"

నోరు తెరిచాను. ఏనాడూ ఆలోచించి చెప్పినవాణ్ణి కాదు. తెరిస్తే వచ్చేవి. ఒంటె కావాలంటే ఒంటె, మంచు కావాలంటే మంచు. ఆ పొద్దు రాలేదు. సీటు కోసం వెళ్ళినప్పుడు చూసిన హాస్టల్ కళ్ళముందు కదిలింది. పొడుగాటి గది, వరసగా ఇనపమంచాలు, కిటికీ ఊచలకు ఆరేసిన చిన్నచిన్న టవల్స్, గోడమీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. దానిమీద ఏ కథా నిలవలేదు.

"బాగుంటుంది," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నామీద జాలి పడినట్టుంది. తనే మొదలుపెట్టింది.

"అక్కడ... మెస్‌లో పప్పుందనుకో నాన్నా. ఆ పప్పు చాలా లోతు. ఫ్లాషర్ వేస్తే గానీ అడుగు కనపడదు. ఆకుపచ్చ గీత వస్తే తోటకూర. ఎర్రగీత వస్తే ఎండుమిరపకాయ. ఇంక... ఇంక, వార్డెన్..."

అక్కడ ఆగిపోయింది. వార్డెన్‌ను ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు. ఎర ముక్కలు కోస్తున్న డ్రైవరు చెయ్యి ఆగింది. ఎండ పెరిగింది. మూతమీద ఒక ముక్క విరిగి, పాత కన్నం దగ్గరినుంచి నెమ్మదిగా ఊడి, జెట్టీ కిందికి పోయింది.

"మంచు కరిగిపోతోంది సార్. ఇగ పోదామా?" అన్నాడతను, మావైపు చూడకుండా.

జూన్‌లో మా ఆవిడ తీసుకెళ్ళి దించి వచ్చింది. ఫ్లాషర్ మాత్రం సూట్‌కేసులోనే తిరిగొచ్చింది. కరెంటు సామాను లోపలికి రానివ్వరట. బ్యాటరీదని మా ఆవిడ చెప్పినా వినలేదట. ఇదేంటని అడిగితే చేపలది అందట. వాళ్ళు ఈవిడ వంక అదోలా చూశారట. ఇన్నేళ్ళ కాపురంలో నావల్ల ఆవిడకు ఇలాంటి చూపులు అలవాటే.

ఆ శుక్రవారం నేనూ డ్రైవరూ జెట్టీకి వెళ్ళాం. కొత్త థర్మాకోల్ మూత అతనే ఎక్కణ్ణుంచో తెచ్చాడు. అడక్కుండానే రెండు కన్నాలు కోశాడు. నాది వేశాను. ఎర్రపట్టీ, ఆకుపచ్చ గీత, మధ్యలో ఖాళీ. చాలా శుభ్రంగా ఉంది. ఒక షేరి చేప వచ్చి ఎర చుట్టూ తిరిగి వెళ్ళింది కూడా కనిపించింది. కాసేపటికి మా అమ్మాయి తాడుపిడి పెట్టె తీసి, రెండో కన్నంలో దాని గుండు కూడా వదిలి, స్విచ్ వేశాను. చుక్కలు వచ్చాయి.

"చేపలు పడయి సార్ ఇట్లయితె," అన్నాడు డ్రైవరు.

"పడవు."

"పోనియ్యిన్రి. క్యాంపుల పప్పున్నది," అని పక్కన కూర్చున్నాడు.

హాస్టల్ నుంచి ఫోన్ ఆదివారం వచ్చేది. ఆదివారం ఇక్కడ డ్యూటీ. పైపుల డ్రాయింగు ముందు కూర్చుని, చేత్తో నోరు కప్పుకుని మాట్లాడేవాణ్ణి.

"నాది వేశావా నాన్నా?"

"వేశాను."

"నీదాంట్లో కనిపించిందా?"

"నిండా. చేపలే కనపడలేదు."

వెనకాల ఆడపిల్లల గోల, ఎవరో పెద్దావిడ అరుపు వినిపించాయి. మా అమ్మాయి గొంతు తగ్గించింది.

"నాన్నా, ఫోన్‌కి ఇక్కడ టోకెన్లిస్తారు. వరసలో నిలబడాలి. నిజంగానే. నేను చెప్తే అమ్మ నమ్మలేదు. నువ్వు నమ్ముతావుగా?"

"నమ్ముతాను," అన్నాను.

"నా తర్వాత అమ్మాయి వచ్చేసింది. ఉంటా," అంది.